అంగ్కోర్ కన్నా ముందు ఒక్క పూట

చిరంజీవి అమ్మడికి, మామయ్య దీవెనలు.

కంబోడియా రాజధాని నొంపెన్‌లో దిగి కారులో అంగ్కోర్‌కి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. దారి మధ్యలో కాంపోంగ్ థోమ్ అనే ఊరొస్తుంది. ఆ రాత్రికి అక్కడే ఆగండి. తెల్లారాక 30 కిలోమీటర్ల దూరంలోని సంబోర్ ప్రే కుక్ పాత గుళ్ళు చూసుకుని, ఆ తర్వాతే అంగ్కోర్.

నేను ఈ వరస తప్పాను. మూడు రోజులు అంగ్కోర్ రాతి గుళ్ళు చూసి, మిట్టమధ్యాహ్నం సంబోర్ ప్రే కుక్‌లో దిగాను. అడవిలో మొండి ఇటుక గుళ్ళు. ఇంతేనా అనుకుని అరగంటలో కారెక్కేశాను. మనసు ఊరుకోక మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్తే, ఏటవాలు ఎండలో అదే గోడ మీద ఒక మేడ తేలింది! స్తంభాలు, లోపల మనుషులు, మేడను మోస్తున్న రెక్కల జీవాలు. వాటిని ఎగిరే మేడలంటారు. విడిగా చెక్కి అతికించినవి కావు, గోడ ఇటుకల మీదే చెక్కారు. నడినెత్తి ఎండలో అవి కనబడవు. అందుకే పొద్దున్నే వెళ్ళమంటున్నాను.

ఇది ఏడో శతాబ్దంలో ఈశానవర్మ రాజధాని, ఈశానపురం. అంగ్కోర్ వాట్‌కి సుమారు 500 ఏళ్ళు పెద్ద. అక్కడ గుడిని ప్రాసాత్ అంటారు, మన ప్రాసాదమే. శాసనాల్లో సంస్కృతం ఉంది, గుళ్ళు ఎక్కువగా శివుడివి. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కినా, అంగ్కోర్‌లో ఉండే తోపులాట నాకైతే కనబడలేదు.

గుళ్ళు మూడు గుంపులుగా ఉంటాయి. టైమ్ చాలకపోతే ఉత్తరం గుంపు పైపైన చూసినా ఫర్వాలేదు, చెట్టు వేళ్ళు చుట్టేసిన గుడి మాత్రం వదలొద్దు. మధ్య గుంపులో మెట్ల దగ్గర సింహాలుంటాయి, పిల్లలకి నచ్చుతాయి. ఎక్కువ సేపు దక్షిణం గుంపులో గడపండి. ఎనిమిది పలకల గుళ్ళు అక్కడున్నాయి. లోపలికెళ్ళి తలెత్తి చూడు. ఒక్కో వరస ఇటుకలు కాస్త ముందుకు జరుగుతూ పైన కలుసుకుంటాయి. గోడలకు చేతులు ఆనించొద్దు, ఇటుకలు రాలిపోతాయి.

పిల్లల్ని కాలిబాట దిగి పక్కకి వెళ్ళనివ్వకు. చెట్ల మధ్య కనిపించే గుంతలు చెరువులు కావు, 1970ల్లో అమెరికా విమానాలు వేసిన బాంబుల గుర్తులు. మందుపాతరలు తీసేశారు కానీ, నాకు ఇప్పటికీ టెన్షనే.

చిల్లర డాలర్లు, నీళ్ళు, దోమల మందు ఉంచుకో. ఎనిమిది పలకల గుడి లోపల నుంచి పైకి తీసిన ఫొటో ఒకటి పంపు. నాది మసగ్గా వచ్చింది.

మీ మామయ్య