గంగమ్మ జాతరకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? మా అక్క కొడుకు తప్పిపోయిన రోజు

"వేసవి సెలవుల్లో తిరుపతి గంగమ్మ జాతరలో మా బాబుకి వేషం వేయించి మొక్కు తీర్చాలి. అంత జనంలో బిడ్డ తప్పిపోతే ఎలా? అమ్మవారి మీద భారం వేసి వెళ్లొచ్చా?" అని అడిగారు. వెళ్లండి. నేను తిరుపతివాణ్ణి, మా ఇంట్లో సరిగ్గా ఈ భయమే నిజమైంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

తాతయ్యగుంట గంగమ్మని మా ఊళ్లో వెంకన్న చెల్లెలంటారు. జాతరకి కొండ మీద నుంచి సారె వస్తుంది. మే నెలలో ఒక మంగళవారం రాత్రి చాటింపు వేస్తే, మరుసటి మంగళవారం జాతర. ఈ మధ్యలో రోజుకో వేషం. బుధవారం బైరాగి వేషం, ఒళ్లంతా తెల్లటి నామం సుద్ద. గురువారం బండ వేషం, ఒళ్లంతా కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి, వేపమండలు. ఆడవాళ్లని చెరపట్టే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, వాడి కోసం ఆ తల్లి ఇలా వేషాలు మార్చుకుంటూ వెతికిందని కథ. శనివారం దొర వేషంలో వస్తే, దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. అప్పుడు చంపింది.

మా అక్క బెంగళూరులో ఉంటుంది. వాళ్లబ్బాయికి ఆరేళ్లు. అంతకు ముందు ఏడాది వాడికి అమ్మవారు పోసింది. బాగా భయపెట్టి తగ్గింది. ఆ మొక్కు తీర్చడానికే సెలవులకి వచ్చి, శుక్రవారం పొద్దున తోటి వేషం వేయించాం. మా అమ్మే బొగ్గు పూసింది. వేషాలమ్మ గుడి దగ్గర దండం పెట్టుకుని తాతయ్యగుంట వైపు నడుస్తున్నాం. డప్పులు కొడుతూ ఒక పెద్ద గుంపు మమ్మల్ని దాటింది. దాటాక చూస్తే పిల్లోడు లేడు.

ఆ తర్వాత పావుగంట మాటల్లో చెప్పలేను. చుట్టూ ఉన్న పిల్లలందరూ వాడే. అందరి ఒంటి మీదా అదే బొగ్గు, అవే వేపమండలు, ఒకే ఎత్తు. మా అక్క ఒకడి భుజం పట్టి తిప్పింది, వాడు కాదు. ఇంకొకణ్ణి తిప్పింది, వాడూ కాదు. పదకొండు గంటల మే ఎండ, కాళ్లకి చెప్పులు లేవు. మా బావ ఫోన్‌లో ఫొటోలున్నాయి గానీ అన్నీ బెంగళూరు ఫొటోలు, తెల్లటి మొహంతో నవ్వుతున్నవి. అది ఎవరికి చూపించినా "ఈడ అందురూ నల్లంగానే ఉండారు కద సామీ" అన్నారు. పక్కనే బస్సులు తిరిగే రోడ్డు. నా బుర్రలో ఆ రోడ్డు తప్ప ఇంకేమీ లేదు.

మా అమ్మ మాత్రం బిడ్డ చెయ్యి వదిలిన చోటే, ఒక కొట్టు మెట్టు మీద కూర్చుంది. అక్క ఏడుస్తూ "నువ్వెట్లా కూచుంటావమ్మా!" అని అరిచింది. "ఎతుక్కుంటా ఎతుక్కుంటా మళ్ల ఈడికే వస్తాడు మే. నేను కదిలితే వాడు ఎవురి దగ్గిరికి రావాల? వేషాలేసుకుని ఎతికిన తల్లి ఆమె, ఆమెకి చేతగాదా ఇది? మీరు పోండి, తలా ఒక దిక్కు పోండి" అంది. గొంతు వణుకుతోంది, పెదాల మీద గంగమ్మ పేరు ఆగడం లేదు. కానీ లేవలేదు. బిడ్డ కనిపించనప్పుడు పరుగెత్తడం ఎవరికైనా వస్తుంది, ఉన్నచోట ఉండటమే కష్టం. నమ్మకం ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మెట్టు మీద మా అమ్మే.

నేను బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ దగ్గరికి పరుగెత్తాను. బట్టల రంగు, మొహం గుర్తులు చెప్పబోతే ఆపేశాడు. "అవన్నీ బొగ్గు కింద పోయినాయి. మాట ఎట్లుంటాది, అది చెప్పు" అన్నాడు. అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. వాడు తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. అవ్వని అజ్జి అంటాడు. మైకులో అదే చెప్పించాడు: కన్నడం కలిపి మాట్లాడే ఆరేళ్ల బిడ్డ, తోటి వేషం, వాళ్లవ్వని అజ్జి అంటాడు.

రెండు సందుల అవతల ఒక ఇంటి ముందు వేషాలవాళ్లకి అంబలి పోస్తున్నారు. మా ఊళ్లో వేషం కట్టినవాళ్లని అమ్మవారిగానే చూస్తారు, ఎంత చిన్నబిడ్డయినా సరే. ఆ ఇంటి పెద్దావిడ ప్రతి బిడ్డ కాళ్ల మీదా నీళ్లు పోసి, పసుపు రాసి పంపిస్తోంది. మావాడు డప్పుల వెంట అక్కడిదాకా వెళ్లిపోయాడు. గుంపు కదిలినా వీడు కదలకుండా నిలబడితే, "మీవాళ్లెవురు నాయనా?" అని అడిగిందట. వీడు కన్నడంలో "అజ్జి ఎల్లి?" (అవ్వ ఎక్కడ?) అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. కానీ మనిషి తోడు లేకుండా పంపడానికి మనసొప్పక, నీడలో కూర్చోబెట్టి చేతికి అంబలి గ్లాసిచ్చింది. కాసేపటికి మైకులో 'అజ్జి' మాట వినపడింది.

అక్క వెళ్లి వాణ్ణి ఎత్తుకుని, ఆ పెద్దావిడ కాళ్ల మీద పడిపోయింది. ఆమె వెనక్కి జరిగి, "అమ్మా, నా కాళ్లు గాదు, బిడ్డ కాళ్లు మొక్కు. ఈ పొద్దు వాడే గంగమ్మ" అంది.

దీన్ని అద్భుతమంటారో అనరో మీ ఇష్టం. మా ఇంట్లో అందరం అమ్మవారే కాపాడిందంటాం, నేనూ అదే నమ్ముతాను. ఆ పెద్దావిడ ఊరికే ఒక పిల్లోణ్ణి చూసి ఉంటే నీళ్లిచ్చి పంపేసేదేమో. అమ్మవారిని చూసింది కాబట్టి కాళ్లు కడిగింది, నీడలో కూర్చోబెట్టింది.

మీకు చెప్పదలుచుకున్నవి కొన్ని. ఫొటో వేషం వేశాక తీయండి, ముందూ వెనకా రెండు వైపులా. ఫోన్ నంబరు చేతి మీద రాస్తే పూతల కింద మాయమవుతుంది. ఒక చీటీ మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మొలతాడుకి కట్టండి. ఇప్పుడు మా ఇంట్లో అదే చేస్తాం. బండ వేషం రోజు బూతులు తిట్టే ఆచారం ఉంది, చిన్నపిల్లలకి నేనైతే ఆ రోజు వద్దంటాను, బైరాగి వేషమో తోటి వేషమో చాలు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు గుడికి వెళ్లొచ్చేయండి. పెద్దవాళ్లలో ఒకరు ఎక్కడ ఆగాలో ఇంట్లోనే అనుకోండి, తప్పిపోతే అక్కడికే రమ్మని బాబుకి చెప్పండి. బిడ్డ కనిపించకపోతే సిగ్గుపడకుండా వెంటనే పోలీసులకి చెప్పండి, లేదా 112కి ఫోన్ చేయండి. బాబు ఏ భాషలో ఎలా మాట్లాడతాడో, ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తాడో కూడా చెప్పండి.