మొద్దులు నూరే పాత మిషను కొన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు డాలస్‌లో పాత వెర్మీర్ స్టంప్ గ్రైండర్ కొన్నావనీ, దాన్ని బాగుచేసి శని, ఆదివారాలు చెట్ల మొద్దులు తీసే పని పెట్టుకుంటావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కంగారు పడుతోంది. నాకూ కంగారుగానే ఉంది. కానీ ఫొటోల్లో విప్పిన ప్రతి బోల్టునీ విడివిడి డబ్బాల్లో వేసి, మీద పేర్లు రాసి పెట్టావు చూడు, తాతయ్య పంపుసెట్టు విప్పి మరలన్నీ ఇసుకలో పారబోసిన పిల్లాడు వీడేనా అనిపించింది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్, రెండు స్పార్కు ప్లగ్గుల క్యాపులూ ఊడబెరుకు. కోలర్ ఇంజినుకు తాళం తిప్పగానే కార్బురేటరు అడుగున పెట్రోలును వదిలే, ఆపే కరెంటు మర, అదే సోలినాయిడ్, టక్కుమనాలి. అనకపోతే కార్బురేటరు విప్పే ముందు దానికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడు. ప్లగ్గు గ్యాపు 0.76 మిల్లీమీటర్లు. ఫ్యాను మీది రేకు విప్పి సిలిండర్ల రెక్కల మధ్య ఇరుక్కున్న చెక్కపొడి అంతా తియ్యి. ఈ మిషన్ల ఇంజిన్లు అరిగి పోవడం కంటే ఊపిరాడక వేడెక్కి పోవడమే ఎక్కువ. బెల్టులు ఒకటి పోయినా సెట్టు మొత్తం మార్చాలి. కొత్తది పాతది కలిపి వేస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

ఇక అసలు సంగతి. మొద్దును కోసే పళ్ల చక్రం షాఫ్టు బేరింగులు అమ్మ వచ్చేటప్పుడు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించుకుంటానన్నావట. వద్దు నాయనా! నీ షాఫ్టు పక్కన పెట్టిన టేపులో 1-3/8 అంగుళాలు స్పష్టంగా కనిపిస్తోంది. అంటే 34.925 మిల్లీమీటర్లు. ఆటోనగర్‌లో యూసీపీ 207 అని అడిగితే వాళ్లిచ్చేది 35 మిల్లీమీటర్ల బేరింగు. తేడా 0.075, మనిషి వెంట్రుకంత. ఆ తేడాయే మోసం చేస్తుంది. బేరింగు హాయిగా జారి కూర్చుంటుంది, బేరింగును షాఫ్టుకు పట్టించే గ్రబ్ స్క్రూలు బిగిస్తే గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, చేత్తో తిప్పితే చప్పుడుండదు.

మొద్దు మీద పెట్టాక తెలుస్తుంది. ఆ రెండు స్క్రూలూ షాఫ్టును ఒక పక్కకు నెట్టేస్తాయి, రెండో పక్క సందు మిగిలిపోతుంది. ఒక్కో పన్ను కర్రను కొట్టినప్పుడల్లా షాఫ్టు ఆ సందులో కొంచెం కొంచెం కదులుతుంది. బేరింగు పక్కన కాఫీపొడి లాంటి ఎర్రటి పొడి రాలుతుంది. అది మట్టి కాదు, షాఫ్టు అరిగిన ఇనుము. తర్వాత స్క్రూలు వదులవుతాయి, చక్రం పక్కకు జరుగుతుంది, పళ్లు రేకుకు తగులుతాయి. ఇరవై డాలర్లు మిగిలాయనుకున్న చోట షాఫ్టే పోతుంది. నీ మూడో ఫొటోలో ఎడమ బేరింగు దగ్గర ఆ ఎర్రపొడి ఉంది, చూసుకున్నావా? నీకంటే ముందు ఎవరో ఈ తప్పు చేసే ఉంటారని నా అనుమానం. పాత బేరింగు లోపలి రింగు తుడిచి నంబరు చదువు. 207 అని మాత్రమే ఉంటే మిల్లీమీటర్లది. నీకు కావలసింది 207-22. ఆ చివరి 22 అంటే పదహారో వంతు అంగుళాలు ఇరవై రెండు, అంటే 1-3/8. 207-20 అయితే అంగుళంపావు.

షాఫ్టును టేపుతో కాదు, మైక్రోమీటరుతో కొలువు. బేరింగు కూర్చున్న చోటా, దాని పక్కన అరగని చోటా, రెండు దిక్కులుగా. మిల్లీమీటరులో నూరో వంతులు ఒకటో రెండో తగ్గితే నడుస్తుంది. అంతకు మించితే కొత్త షాఫ్టు వేయించు, లేదా వెల్డింగుతో నింపించి లేతు మీద తిప్పించు. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేయమని ఎవరైనా చెబితే వినకు. రెండు పక్కల బేరింగులూ ఒకేసారి మార్చు. హౌసింగులు వదులుగా పెట్టి, షాఫ్టును చేత్తో తిప్పి, అది తేలిగ్గా తిరిగే చోట బిగించు. మొదటి రెండు గంటల పని తర్వాత స్క్రూలు మళ్లీ చూడు. గ్రీజు తక్కువ పంపు, సీలు ఉబ్బిందంటే ఎక్కువైనట్టే.

విడిభాగాలకు వెతుకులాట తగ్గించుకో. ఇంజినువి కోలర్ డీలరు దగ్గర దొరుకుతాయి, కానీ మోడలుతో పాటు స్పెక్ నంబరూ చెప్పాలి. బేరింగులు, బెల్టులు, హోసులు ఊళ్లో బేరింగుల దుకాణంలోనే కొలతను బట్టి ఇస్తారు. బెల్టు మీద 5వీఎక్స్ 630 అనుంటే పొడవు 63 అంగుళాలు. హైడ్రాలిక్ నూనె హోసు పాతది చేతిలో పట్టుకుపో. మూతి వాలు 37 డిగ్రీలున్న ఫిట్టింగుకు 45 డిగ్రీలది బిగిస్తే ఎక్కినట్టే ఎక్కి కారుతుంది. ఇక పళ్లు, అవి కూర్చునే పాకెట్లు, చక్రం మాత్రం సీరియల్ నంబరు చెప్పి వెర్మీర్ దగ్గరే అడుగు. పాకెట్ల బోల్టులు తల మీద ఆరు గీతలున్నవే వాడు. మూడు గీతలవి చాలవు.

హోసులన్నాను కదా, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. నూనె ఎక్కడ కారుతోందో వేలితో తడమకు. సూది మొనంత చిల్లులోంచి వచ్చే నూనె చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, నొప్పి కూడా అంతగా ఉండదు. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క పట్టుకుని చూడు. విప్పే ముందు మిషను తల, అంటే చక్రం ఉన్న భాగం, నేలకు దించి, ఇంజిను ఆపి, లివర్లన్నీ అటూ ఇటూ కదిపి ఒత్తిడి పోనివ్వు. పొరపాటున ఆ నూనె తగిలిందా, నొప్పి లేదని ఇంట్లో కూర్చోకు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లి హైడ్రాలిక్ నూనె గుచ్చుకుందని చెప్పు. మీ అమ్మకు నువ్వొక్కడివే అనేది నేను గుర్తుచేయక్కర్లేదు.

మొదటి మొద్దు తీసే ముందు, భూమిలోని లైన్లు గుర్తు పెట్టించే 811 నంబరుకి కనీసం రెండు పనిదినాల ముందు ఫోన్ చేసి గ్యాసు, కరెంటు లైన్లు గుర్తు పెట్టించు.

మైక్రోమీటరు లేకపోతే కొనకు, నాది పంపుతాను. కొలతలు నాలుగూ రాసి ఆదివారంలోపు ఫొటో పెట్టు.

మీ మామయ్య