యాంజియో అయ్యాక మళ్లీ న్యూక్లియర్ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, నాన్నకు 59 ఏళ్లు. బండల పాలిష్ యూనిట్లో పనిచేసేవారు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. ఇప్పుడు మేడ మెట్లెక్కితే ఆయాసం. ఎకోలో పంపింగ్ 30 శాతం. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాలూ పూడుకుపోయాయని తేలింది. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.8. బైపాస్‌కు ముందు న్యూక్లియర్ స్కాన్ చేయించమన్నారు. మళ్లీ ఇదెందుకు? రేడియేషన్ అనగానే నాన్న వద్దంటున్నారు. కిడ్నీలు పాడవుతాయా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: అమ్మా, ముందు కిడ్నీల సంగతి చెప్తాను. యాంజియోలో వాడే అయోడిన్ డై ఈ స్కాన్‌లో ఉండదు. 1.8 ఉన్నా భయం లేదు.

కాలువ ఎక్కడ పూడిందో యాంజియో చూపిస్తుంది, మడిలో పైరు బతికుందో లేదో చూపించదు. గుండెపోటులో కొంత కండ చచ్చి మచ్చ కడుతుంది. ఇంకొంత కండ రక్తం చాలక పని మానేసి, ప్రాణం మాత్రం నిలుపుకుంటుంది. ఎకోలో రెండూ కదలకుండానే కనిపిస్తాయి. అందుకే మీకు చెప్పిన న్యూక్లియర్ స్కాన్‌లో, అంటే పెట్ స్కాన్‌లో, ముందు రక్తం ఎంత అందుతోందో చూసి, తర్వాత రేడియో గుర్తు కలిపిన గ్లూకోజు ఎక్కిస్తారు. రక్తం తక్కువైనా గ్లూకోజు పీల్చుకుంటే ఆ కండ బతికే ఉంది. రెండూ లేకపోతే మచ్చ.

ఆ గ్లూకోజు మందులోని రేడియేషన్ శక్తి ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది, మర్నాటికి దాదాపు ఏమీ మిగలదు. ఆ రోజు మాత్రం చంటిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని నాన్నగారికి చెప్పండి. మందు ఇంత త్వరగా తరిగిపోతుంది కాబట్టి, ఇచ్చిన టైంకు ముందే సెంటర్లో ఉండాలి.

షుగర్ దగ్గరే అసలు చిక్కు. అది అదుపులో లేకపోతే బొమ్మ సరిగా రాదు, బతికిన కండ కూడా చచ్చినట్టు కనిపించొచ్చు. మాత్రలు, ఇన్సులిన్ ఆ పొద్దున ఎలా వాడాలో సెంటర్ వాళ్లను ముందురోజే అడగండి, సొంతంగా మానేయొద్దు. స్కాన్ అయ్యాక నీళ్లు బాగా తాగమంటారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది కుదరదు. ఆయనకు రోజుకు ఇన్ని నీళ్లని లెక్క పెట్టి ఉంటే అది దాటొద్దు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. రిపోర్టులో 'మచ్చ' అని వస్తే అంతా అయిపోయిందనుకోకండి. స్టిచ్ అనే పెద్ద అధ్యయనంలో పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 1,212 మందిని పదేళ్లు గమనించారు. మందులతో పాటు బైపాస్ చేయించుకున్నవాళ్లలో నూటికి 59 మంది, మందులే వాడినవాళ్లలో 66 మంది చనిపోయారు. వాళ్లలో 601 మందికి కండ బతికుందో లేదో పరీక్షించారు. బతికిన కండ ఎక్కువున్నా తక్కువున్నా బైపాస్ లాభంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవి పెట్ స్కాన్లు కావు, నిజమే. అయినా ఒక్క రిపోర్టు చూసి ఆపరేషన్ వద్దంటే నేనైతే ఒప్పుకోను. బైపాస్ బదులు స్టెంట్లు వేస్తామంటే మాత్రం ఆగి అడగండి. 2022లో వచ్చిన రివైవ్డ్ అధ్యయనంలో ఇలాంటి 700 మందిలో, మందులకు తోడు స్టెంట్లు వేసినా మరణాలు, ఆస్పత్రిపాలవడం తగ్గలేదు.

స్కాన్ చేయించండి. ఆ రిపోర్టు, యాంజియో సీడీ, ఎకో కాగితాలు పట్టుకుని గుండె డాక్టరునీ సర్జన్‌నీ ఇద్దరినీ కలవండి. బతికిన కండ ఎంత, అది ఏ రక్తనాళం కింద ఉంది, అక్కడ గ్రాఫ్ట్ (బైపాస్‌లో కుట్టే కొత్త నాళం) వేయడానికి గుండె నాళం బాగుందా అని అడగండి. ఈలోగా గుండె మందులు ఒక్క పూట కూడా ఆపొద్దు.