ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, కార్డు బాకీ మాత్రం మీద పడింది... కట్టాలా?

ప్రశ్న: అంబర్‌పేటలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఐదు నెలల కిందట ఒక రాత్రి నా క్రెడిట్ కార్డు మీద మూడు విడతల్లో రూ. 1,86,000 పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. పొద్దున మెసేజ్‌లు చూడగానే కస్టమర్ కేర్‌కు చెప్పి కార్డు బ్లాక్ చేయించాను. ‘ఓటీపీతోనే జరిగాయి, బాధ్యత మీదే’ అని బ్యాంకు కంప్లైంట్ మూసేసింది. వడ్డీ, లేట్ ఫీజులు కలిపి ఇప్పుడు రూ. 2,40,000 అంటున్నారు. రికవరీ వాళ్లు మా ప్రిన్సిపాల్‌కూ ఫోన్ చేశారు. లోక్ అదాలత్ నోటీసు వచ్చింది. రూ. 90,000 కడితే వదిలేస్తారట. చిట్టీ ఎత్తి కట్టేద్దామంటున్నారు మావారు. ఏం చేయాలి?

జవాబు: చిట్టీ ఎత్తకండి. తొంభై వేలతో పీడ విరగడవుతుందని అనిపించడం సహజమే. కానీ సెటిల్‌మెంట్ అంటే, బాకీ మీదేనని ఒప్పుకుని తగ్గింపు తీసుకోవడం. సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా పక్కన ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు ఇంటి లోన్‌కు వెళ్తే మేనేజర్ కళ్లు దాని మీదే పడతాయి. మీరు అడగాల్సింది తగ్గింపు కాదు, ఆ మూడు ఎంట్రీల రద్దు.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనలు మీకు ఆసరా. తప్పు బ్యాంకుదీ మీదీ కాక మూడో మనిషిదైతే, మెసేజ్ అందాక మూడు పనిదినాల్లో చెప్పిన కస్టమర్ పైసా కట్టనక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్పినా, రూ. 5 లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకు మీద పడేది రూ. 10,000కు మించదు. మీరు మర్నాడే చెప్పారు. తప్పు కస్టమర్‌దేనని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. ఓటీపీ వాడారన్నంత మాత్రాన అది మీరే ఇచ్చారని తేలిపోదు.

ఒక్కటి మాత్రం గుర్తు తెచ్చుకోండి. ఆ రోజుల్లో వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతోనో మరో పేరుతోనో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) నొక్కారా? అలాంటి యాప్‌లు మన మెసేజ్‌లను గుట్టుగా అవతలికి చేరవేస్తాయి. నొక్కి ఉంటే మీ లాయరు దగ్గర దాచొద్దు. బ్యాంకు దాన్ని నిర్లక్ష్యం అంటుంది. నిర్లక్ష్యం రుజువైతే, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు మీరు భరించాలి, ఆ తర్వాత పోయింది బ్యాంకు భరించాలి.

బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పాత కంప్లైంట్ నంబరు, తేదీ వేసి మెయిల్ పెట్టండి. డబ్బు ఏ వ్యాపారికి వెళ్లింది, సరుకైతే ఏ చిరునామాకు చేరింది, ఓటీపీ ఏ నంబరుకు పంపారు, ఐపీ అడ్రస్ ఏది అని అడగండి. బిల్లు మీద అభ్యంతరం చెబితే 30 రోజుల్లో ఆధారాలతో వివరణ ఇవ్వాలి. మోసమని చెప్పిన లావాదేవీల మీద వివాదం తేలేదాకా ఛార్జీలు వేయకూడదు, ఎగవేత అని క్రెడిట్ బ్యూరోలకు చెప్పకూడదు. మీరు నిజంగా వాడుకున్న కొనుగోళ్లుంటే అవి మాత్రం కట్టేసి, దేనికి కట్టారో రాసి ఉంచండి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పినట్టు రాయలేదు. చెప్పకపోతే ఇప్పుడైనా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్ల కింద ఎఫ్‌ఐఆర్ అడగండి. ఇన్ని నెలల తర్వాత డబ్బు దొరుకుతుందని ఆశ పెట్టను. కానీ బాకీ మీది కాదనడానికి ఆ కాపీ పనికొస్తుంది.

బ్యాంకు ఇప్పటికే కాదంది కాబట్టి బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఆలస్యం చేయకుండా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో పెట్టాలి, ఫీజు లేదు. ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు, అందుకే ఈ వరుస. కమిషన్‌కు రెండేళ్ల గడువుంది, మీరుండే హైదరాబాద్ జిల్లాలోనే వేయొచ్చు.

రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. మీ బాకీ ముచ్చట ప్రిన్సిపాల్‌కు చెప్పడం తప్పు. కాల్ వివరాలు అంబుడ్స్‌మన్ ఫిర్యాదులో చేర్చండి. జైలు అని బెదిరిస్తే పట్టించుకోకండి, కార్డు బాకీ సివిల్ వ్యవహారం.

ఇక ఆ నోటీసు. కేసు వేయకముందే బ్యాంకులు ఇలా పంపిస్తుంటాయి, కోర్టు ముద్ర చూసి జనం హడలిపోతారు. మామూలు లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే తీర్పు. ఒప్పుకుని సంతకం పెడితే మాత్రం అప్పీలు ఉండదు. నోటీసు మీద ‘శాశ్వత లోక్ అదాలత్’ అని ఉంటే వేరు, దానికి తీర్పు చెప్పే అధికారం ఉంది, లాయరుతో వెళ్లండి. మామూలుదైతే ఆ రోజు వెళ్లి, ఇది మోసం, బాకీ నాది కాదు అని రాసిచ్చి, కంప్లైంట్ కాపీలు జతచేసి, రాజీ కాగితం మీద సంతకం పెట్టకుండా వచ్చేయండి.