పాత బీము కింద కొత్త పైల్స్: బరువు సగం సగమేనా?

ప్రశ్న: కర్నూలు దగ్గర నల్లరేగడి నేలలో మా ఇల్లు. ఇంకో అంతస్తు వేద్దామని పాత పునాది బీముల కింద పిల్లరుకు అటొకటి ఇటొకటి పైల్ (నేలలోకి లోతుగా దించే స్తంభం) వేయిస్తున్నాం. పిల్లరు బరువు రెండింటి మీదా సమానంగా పడుతుందా సార్?

జవాబు: రెండూ పిల్లరుకు సమాన దూరంలో, ఒకే లోతులో, ఒకే రకం నేలలో ఉంటేనే అలా పడుతుందండీ. ఒకటి పిల్లరుకు 2 అడుగుల దూరంలో, ఇంకోటి 4 అడుగుల దూరంలో ఉందనుకోండి, పిల్లరు బరువు 30 టన్నులైతే అందులో దగ్గరున్న దాని మీద సుమారు 20, దూరంగా ఉన్నదాని మీద 10 పడుతుంది. వరసగా నాలుగైదు ఉంటే లెక్క మారుతుంది, బీము గట్టిగా ఉంటే బరువు దూరం పైల్స్‌కూ వెళ్తుంది, పలచగా ఉండి వంగిందా, దగ్గరివే మోస్తాయి.

అసలు టెన్షన్ వేరే. ఇప్పటికే నేల మోస్తున్న బరువు కొత్త పైల్ మీదకి దానంతటది రాదు, ఇల్లు కాస్త కుంగితేనే వస్తుంది, లేదంటే జాకీలతో ముందే బిగించాలి. పాత బీము అడుగు భాగంలో కమ్మీ ఎంతుందో చూడకుండా మాత్రం దయచేసి పని మొదలుపెట్టకండి, పిల్లరు కింద బీము పగిలేది అడుగునే. స్ట్రక్చరల్ ఇంజినీరుతో లెక్క వేయించండి.