టీటీ (టెంపో ట్రావెలర్ వ్యాన్) మాట్లాడుకునే ముందు డ్రైవర్ నిద్ర సంగతి అడగండి

ప్రశ్న: నమస్తే అండీ. మేం మారతహళ్లిలో ఉంటాం. పాపకి పుట్టువెంట్రుకలు తీయించడానికి 15 మందిమి తిరుమల వెళ్లాలి. ట్రావెల్స్ అతను 12 సీట్ల టీటీలోనే సర్దుకోవచ్చు, రాత్రి 11కి బయల్దేరితే తెల్లారేసరికి కొండ కింద దింపేస్తా అంటున్నాడు. రూమ్ ఖర్చు తప్పుతుందని మా ఆయన సరే అన్నారు, నాకేమో భయంగా ఉంది. ఏమేం చూసుకోవాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు భయపడటంలో తప్పేం లేదమ్మా. 2023 అక్టోబర్‌లో చిక్కబళ్లాపుర దగ్గర పొగమంచులో ఆగున్న ట్యాంకర్‌ని వెనకనుంచి సుమో గుద్దేసి 13 మంది పోయారు, ఎక్కువమంది మన ఆంధ్రవైపు నుంచి పనికోసం బెంగళూరొస్తున్నవాళ్లే. 2024 జూన్‌లో హావేరి జిల్లాలో ఇంకా తెల్లారకముందే ఆగున్న లారీని టీటీ గుద్దింది, అదీ గుడికెళ్లి తిరిగొస్తున్న బండే, అక్కడా 13 మంది. రెండూ ఆగున్న బండిని గుద్దినవే చూడండి. ఆ టైంలో చీకటి, మంచు, కునుకు, ఏది తోడైనా రోడ్డు పక్కనున్న లారీ కనపడేసరికి బ్రేక్ వేసే టైం ఉండదు.

అందుకే ఏసీ ఉందా, కిలోమీటరుకి ఎంత అని అడిగేముందు డ్రైవర్ ఎవరు, ఆరోజు పగలు ఏ ట్రిప్ కొట్టాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు అని అడగండి, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొద్దున్నుంచి కంపెనీ స్టాఫ్‌ని దింపి రాత్రికి గుడి ట్రిప్ ఎక్కేస్తారు, వాళ్ల బతుకు కష్టం వాళ్లది, కానీ మన పిల్లలు వెనక సీట్లో ఉంటారు కదా. ఓనర్ సరిగ్గా చెప్పకపోతే బండి వదిలేయండి.

12 సీట్లలో 15 మంది అసలొద్దు. ఎక్కువైన ఒక్కో మనిషికి 200 ఫైన్, అది పక్కన పెట్టండి, మధ్యలో స్టూలేసుకుని కూర్చున్నవాళ్లకి బెల్టుండదు, గట్టి బ్రేక్ పడితే ముందుకెళ్లి పడేది వాళ్లే. పెద్ద బండి తీసుకోండి. పసుపు నంబర్ బోర్డు (అద్దె బండి గుర్తు) ఉందో లేదో చూసి నంబర్‌ని ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. వెనక డోర్‌కి అడ్డంగా బ్యాగులు పేర్చనివ్వకండి.

అసలు రాత్రే ఎందుకమ్మా? కల్యాణకట్టలో రాత్రీపగలూ తలనీలాలు తీస్తూనే ఉంటారు. పొద్దున 5కి బయల్దేరి కోలారు దాటాక టిఫిన్‌కి ఆగినా మధ్యాహ్నానికి తిరుపతిలో ఉంటారు. ఆ రాత్రి రూమ్ తీసుకోండి, మీ ఆయనకి ఈ జవాబు చదివి వినిపించండి.