మా చెరువా? మన చెరువా?

సందేహం: చెరువు పూడికతీతకు ఊరివాళ్లను పిలుస్తూ ‘మా ఊరి చెరువును మనమే కాపాడుదాం, ఆదివారం పూడిక తీస్తాం’ అని కరపత్రం వేశాం. ‘మా’, ‘మనం’ ఒకే వాక్యంలో పొసగవని ఒకరు తప్పుపట్టారు. నిజమేనా?

సమాధానం: నిజమే, ఇక్కడ పొసగవు. ‘మా’లో వినేవాడు ఉండడు, ‘మన’లో ఉంటాడు. అన్నదమ్ములిద్దరి మధ్య ఒకడు ‘మా అమ్మకు ఒంట్లో బాగాలేదు’ అన్నాడనుకోండి, ‘మరి నాకేమవుతుందిరా?’ అని రెండోవాడు నిలదీస్తాడు. మీ కరపత్రం అందుకునేదీ ఊరివాళ్లే. మొదటి మాటతో వాళ్లను గడప బయట నిలబెట్టి, వెంటనే లోపలికి రమ్మంటున్నారు. పొరుగూళ్లో పంచేదైతే ‘మా ఊరి చెరువు’ అనే అనాలి. ఇంగ్లీషు ‘వుయ్’కీ హిందీ ‘హమ్’కీ ఈ తేడా లేదు కనుక, వాటిలోంచి దించిన ప్రకటనల్లో ఈ పొరపాటు తరచూ దొర్లుతుంది. తెలంగాణలో 2022లో మొదలైన ప్రభుత్వ బడుల పథకం ‘మన ఊరు – మన బడి’ పేరులో ‘మన’ తీసి ‘మా’ పెట్టి చదవండి. పిలుపు కాస్తా సొంత డబ్బా అయిపోతుంది.

అసలు చిక్కు మీ రెండో క్రియలో ఉంది, దాన్నెవరూ పట్టుకున్నట్టు లేదు. ‘తీస్తాం’ మేముకూ చెల్లుతుంది, మనంకూ చెల్లుతుంది. కర్త లేకపోతే ‘కమిటీవాళ్లు తీస్తారట’ అనుకుని జనం ఇంట్లో కూర్చుంటారు. ‘తీద్దాం’ అలా కాదు. ‘మేము తీద్దాం’ అని తెలుగువాడెవడూ అనడు. ఆ ‘-దాం’లోనే వినేవాడు ఇరుక్కుపోతాడు.

‘కాపాడుదాం’ తప్పు కాదు గానీ ‘కాపాడుకుందాం’ ముందు చప్పగా ఉంది. ‘బిడ్డను కాపాడాడు’ అంటే ఎవరి బిడ్డయినా కావచ్చు. ‘బిడ్డను కాపాడుకున్నాడు’ అంటే తన బిడ్డే. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే దక్కుతుంది.

అలాగని ‘మనం’ ప్రతిచోటా గుప్పించకండి. భారం పంచుకోనివాడి నోట అది ఎబ్బెట్టుగా ఉంటుంది. పన్ను వసూలుకొచ్చినాయన ‘మన బకాయి మనం కట్టేసుకుందాం’ అంటే నవ్వొస్తుంది కదా! అందుకే మీరు చేసింది ముందు ‘మేము’తో చెప్పి, తర్వాత ‘మనం’లోకి రండి:

‘తూము దగ్గర ముళ్లకంప మేము కొట్టేశాం. పూడిక మిగిలింది. మన చెరువును మనమే బాగుచేసుకుందాం. ఆదివారం పొద్దున 6 గంటలకు పార, తట్ట పట్టుకుని గట్టు మీదికి రండి.’